కాగితంలో అందం వెతకవచ్చా?

మా బడిలో ఐదో తరగతి దాకా చదివి ఇప్పుడు హైస్కూల్లో తొమ్మిదికి వచ్చిన పిల్లోడు ఒకడున్నాడు. పోయిన ఏడాది వాళ్ళక్క ఫోనుతో నాలుగు నిమిషాల సినిమా తీశాడు. అందులో కథ లేదు, పాట లేదు, ఎవరూ మాట్లాడరు. మొదట ఒక ఇంకు ప్యాడు కనిపిస్తుంది. మూత తీస్తే నీలం స్పాంజి ఎండిపోయి, నడిమధ్యన మాత్రం తడిగా ఉంటుంది. తర్వాత రబ్బరు స్టాంపు పడే చప్పుడు, ఒకటే చప్పుడు, ఆగకుండా. జిరాక్సు మిషను మూత సందులోంచి ఆ కొసనుంచి ఈ కొసకు పరిగెత్తే పచ్చటి వెలుగు. దరఖాస్తుల కట్టకు ట్యాగు గుచ్చుతున్న ఒక చెయ్యి. చివర్లో రేషను మిషను, దాని మీద వాళ్ళ అవ్వ బొటనవేలు. మిషను ఒప్పుకోదు. అవ్వ వేలు తీసి చీర కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. మళ్ళీ ఒప్పుకోదు. ఏడుసార్లు. ఆఖరి షాటులో ఆ వేలు ఒక్కటే తెరంతా నిండిపోతుంది. ఏటి ఇసుక మీద గాలి గీసిపోయిన గీతల్లాగా ఉంటాయి ఆ రేఖలు. కొన్నిచోట్ల గీతలే ఉండవు, ఉత్త నునుపు.

వాడు దాన్ని మొదట నాకే చూపించాడు. కమలాపురం నుంచి పాపాఘ్ని వైపు పోయే దారిలో చింతచెట్టు కింద కూర్చుని చూశాను. చూసి చాలాసేపు ఏమీ అనలేదు. ఇరవై ఏళ్ళుగా నేను ఆ ఇంకు ప్యాడ్ల మధ్యనే బతుకుతున్నాను. ఒక్కరోజు కూడా వాటిని అట్లా చూడలేదు.

ఆగస్టు 31న మా కాలనీలో నలుగురం కూడి విముక్తి దినం జరుపుకుంటాం. 1952లో ఆ రోజునే నేరస్త తెగల చట్టం దేశమంతటా రద్దయింది. ఆ సాయంత్రం ఈ సినిమా వేద్దామని కుర్రాళ్ళు అనుకున్నారు, నేనూ సరేనన్నాను. మూడు రోజుల ముందు వాళ్ళ అవ్వ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం నాయనా, నా ఏలు గోడ మీద ఏసి ఊరందరికీ చూపిస్తారంట?"

బాగుంది అవ్వా, నువ్వే చూడు, పిల్లోడు బాగా తీశాడు అన్నాను.

"బాగుండేదేంది దాంట్లో? మా నాయన ఏళ్ళు పదీ ఇట్లనే తీసుకున్న్యారు పోలీసోళ్ళు. ఆ కాయితం యాడుందో ఇప్పటికీ మాకు తెల్దు. ఇప్పుడు మనోడే తీసుకుంటే దాన్ని బాగుంది అనాల్నా?"

అంతే అని వెళ్ళిపోయింది. ఈ వ్యాసం ఆమెకు ఆరోజు నేను చెప్పలేకపోయిన జవాబు కోసం రాస్తున్నది. జవాబు దొరికిందని మాత్రం అనుకోవద్దు.

*

కాగితాల్లో, ముద్రల్లో, కౌంటర్ల దగ్గర నిలబడటంలో అందం వెతికిన సినిమాలు మా పిల్లోడితో మొదలు కాలేదు. వాడికి ఆ సంగతి తెలియదు. నాకు కూడా ఒక శిక్షణ తరగతుల్లో, బొమ్మలతో పాఠం చెప్పడం గురించి మాట్లాడుతూ ఒకాయన వేసి చూపిస్తేనే తెలిసింది.

1933లో లండన్‌లో తపాలా శాఖ తన కోసం ఒక సినిమా విభాగం పెట్టుకుంది. జి.పి.ఓ. ఫిల్మ్ యూనిట్ అని పేరు. జాన్ గ్రియర్సన్ దానికి పెద్ద. ఉత్తరాలు, మనియార్డర్లు, పార్శిళ్ళు, టెలిఫోన్లు, ఇవే వాళ్ళ కథా వస్తువులు. వినడానికి ఎంత చప్పగా ఉంది! కానీ ఆ చప్పటి వస్తువుల మీదనే వాళ్ళు కొత్తరకం సినిమా కట్టారు. 1936లో వచ్చిన 'నైట్ మెయిల్' లండన్ నుంచి స్కాట్లండుకు రాత్రంతా ఉత్తరాలు మోసుకుపోయే రైలు గురించి. కదిలే పెట్టెలో నిలబడి ఉత్తరాలను గూళ్ళలోకి విసిరే గుమాస్తాలు అందులో నటులు కారు, నిజంగా ఆ పని చేసేవాళ్ళే. ఆ పెట్టె లోపలి భాగాన్ని మాత్రం స్టూడియోలో కట్టారు. రైలు కదులుతున్నట్టు కనిపించడానికి వాళ్ళను ఊగుతూ పని చెయ్యమన్నారు. చివర్లో ఆడెన్ అనే కవి రాసిన పద్యం రైలు చక్రాల దరువులో నడుస్తుంది. బెంజమిన్ బ్రిటెన్ సంగీతం. ఉత్తరాల బట్వాడా అంత గొప్ప పనా అనిపిస్తుంది చూసినంతసేపూ.

దానికన్నా నన్ను పట్టుకున్నది ఇంకొకటి. లెన్ లై అని న్యూజిలాండ్ మనిషి. 1935లో 'ఎ కలర్ బాక్స్' అని నాలుగు నిమిషాలకు మించని సినిమా చేశాడు. కెమెరా వాడలేదు. ఫిల్ము రీలు మీదనే నేరుగా రంగులు పూశాడు, గీశాడు. గీతలు, చుక్కలు, అలలు క్యూబా సంగీతానికి ఎగురుతాయి. చివరికి వచ్చేసరికి ఆ రంగుల మధ్యన పార్శిళ్ళ రేట్లు కనిపిస్తాయి. ఎంత బరువుకు ఎంత డబ్బు అన్నది! తపాలా శాఖ డబ్బు ఇచ్చింది కదా, ప్రకటన ఉండాలి మరి. మరుసటి ఏడాది పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు కోసం 'రెయిన్‌బో డాన్స్' చేశాడు. ఉత్తరం మీద చిరునామా సరిగ్గా రాయండి అని చెప్పడానికి 1937లో ఇంకొకటి చేశాడు. పార్శిలు రేటూ, పాసుబుక్కూ, పిన్‌కోడూ లాంటి వాటితో ఇంత చెయ్యవచ్చా అని నేను నోరు తెరుచుకుని చూశాను.

ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. లెన్ లై ఈ గీతలు ఎక్కడ నేర్చుకున్నాడు? మావోరీల చెక్కడాలు, సమోవా దీవుల వస్త్రాల మీది నమూనాలు, ఆస్ట్రేలియా ఆదివాసుల బొమ్మలు చూసి నేర్చుకున్నాడు. కొంతకాలం సమోవాలో ఉన్నాడు కూడా. 1929లో అతను చేసిన మొదటి సినిమా 'తుసలావా' ఆ ఆస్ట్రేలియా ఆదివాసీ బొమ్మల నుంచి పుట్టిందే. ఆ సంగతి అతను దాచుకోలేదు. అంటే ఆదివాసీ గీతలు లండన్ చేరి, అక్కడి సర్కారు పార్శిలు రేట్ల చుట్టూ నాట్యమాడాయి. అతని పేరు సినిమా చరిత్రలో ఉంది. ఆ బొమ్మలు గీసిన చేతులవాళ్ళ పేర్లు నేను చదివినంతలో ఎక్కడా లేవు.

*

ఇప్పుడు అదే సంవత్సరం, 1935, అదే సర్కారు, ఇటువైపు ఏం చేస్తున్నదో చూద్దాం.

మావాళ్ళు ఉప్పు ఎరుకలోళ్ళు. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు తెచ్చి ఈ కరువు సీమ ఊళ్ళలో అమ్మి, ఇక్కడి ధాన్యం అటు మోసుకుపోయేవాళ్ళు. 1860ల తర్వాత రైలు వచ్చింది. ఇప్పటికీ మా కమలాపురం స్టేషను మీదుగా పోయే మద్రాసు–బొంబాయి లైను అదే. ఉప్పు రైలెక్కింది, దాని మీద సర్కారు పన్ను గట్టిపడింది. గాడిదలు ఖాళీ అయ్యాయి. బతుకుతెరువు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే తిరగడమే నేరమైంది. 1871లో ఉత్తరాదిలో మొదలైన చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ వర్తించేలా మార్చి రాశారు. ఆ చట్టం కింద ఒక తెగను నేరస్త తెగ అని గెజెట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరు చెయ్యవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. రిజిస్టరైన మనిషి చెప్పిన వేళకు వచ్చి హాజరు చెప్పుకోవాలి. ఊరు దాటితే చెప్పిపోవాలి. మా జేజినాయన కాలంలో కూతురి ఊరికి పోవాలన్నా చీటీ కావాలనేవాళ్ళు పెద్దలు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటును 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఆ ఊరి పేరు కూడా మావాళ్ళది కాదు, ఒక దొర పేరు.

వేలిముద్ర సంగతి ఇంకా చిత్రం. మనిషిని గుర్తుపట్టడానికి వేలిముద్ర వాడటం మన దేశంలోనే మొదలైందని పిల్లలకు చెబితే గర్వపడతారు. పూర్తి కథ చెప్పాలి. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు కంకర తోలే కాంట్రాక్టు రాజ్యధర్ కొనాయ్ అనే మనిషికి ఇస్తూ, ఆ కాగితం వెనక అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఎందుకు? తర్వాత సంతకం నాది కాదు అని తప్పించుకోకుండా భయపెట్టడానికి. ఈ మాట హెర్షెలే రాసుకున్నాడు. అంటే మొట్టమొదటి ముద్ర వెనక ఉన్నది అపనమ్మకం. తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రలను వర్గాలుగా విభజించే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు. లెక్క కట్టినవాళ్ళలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు.

1935లో లండన్‌లో ఒకడు ఫిల్ము మీద గీతలు గీస్తున్నాడు. ఇక్కడ మావాళ్ళ వేళ్ళ గీతలు కాగితం మీద అద్దుతున్నారు. రెండింటికీ ఒకే కిరీటం ముద్ర. అక్కడి తపాలా శాఖ తన కాగితాన్ని జనం ప్రేమించేలా చెయ్యాలనుకుంది, అందుకు కళాకారులను పిలిచింది. ఇక్కడ కాగితాన్ని చూసి జనం భయపడితే చాలు, కళాకారులతో పని లేదు.

కాబట్టి "కార్యాలయాల కాగితాల్లో కూడా కళ ఉంది" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాగితం మీద ఎవరి పేరు ఉంది, ఆ పేరు ఎవరు రాశారు అని అడగకుండా దాని అందం గురించి మాట్లాడటం, ఉరితాడు పేనిన నైపుణ్యం గురించి మాట్లాడటం లాంటిదే. అవ్వ కోపం అక్కడిదే.

*

అయితే ఆమె కోపంతో నేను పూర్తిగా కలవలేకపోతున్నాను. దానికి కారణం కడపలోనే ఉంది.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేసినప్పటి నుంచి ఇది కాగితాల దేశమైంది. మన్రో దొర వచ్చి భూములన్నీ కొలిపించి రైతు రైతుకూ లెక్క రాయించాడు. అదే కాలంలో మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత ఊరి వృత్తాంతాలు రాయించారు. ఇవే కైఫీయత్తులు. గుళ్ళు, ఇనాములు, చెరువులు, పాళెగాళ్ళ తగాదాలు, ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది, అన్నీ ఉంటాయి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర అలాంటి వాటికి ప్రతులు రాయించాడు. ఈరోజు కడపలో బ్రౌన్ పేరున్న గ్రంథాలయంలో కూర్చుని ఆ కైఫీయత్తులు చదివితే ఆపబుద్ధి కాదు. రాసినవాళ్ళు సర్కారుకు లెక్క చెప్పడానికి రాశారు. మనం చదువుతున్నది మాత్రం కథ. ఆ కరణం వాక్యాల్లో తెలుగు ఎంత సహజంగా పారుతుందో! ఎవరూ కళ అనుకుని రాయలేదు. కాలం పోయినాక కళ అయి కూర్చుంది.

అందుకే అందం కాగితంలోకి ఎప్పుడు దూరుతుందో చెప్పలేం. దూరకూడదని ఎవరూ ఆపలేరు కూడా. కానీ నేను చదివిన కైఫీయత్తుల్లో మాట్లాడేవాడు ఎప్పుడూ కరణమే. మావాళ్ళు ఉంటే దారి పక్కన, ఒక పన్ను లెక్కలోనో, ఒక దొంగతనం ముచ్చటలోనో ఉంటారు. మాట్లాడరు. ఈ తేడాను మా పిల్లలకు నేర్పకుండా "చూడండి ఎంత మంచి తెలుగో" అంటే సగమే చెప్పినట్టు.

*

ఇంతవరకూ దొరలను, కరణాలను అన్నాను. ఇప్పుడు నా సంగతి.

నా సర్టిఫికెట్‌లో నా పుట్టిన తేదీ జూన్ 1. మా అమ్మ లెక్క ప్రకారం నేను ఉగాది ముందు పుట్టాను. బడి తెరిచేది జూన్‌లో, ఐదేళ్ళు నిండినట్టు లెక్క కుదరాలి, అయ్యవారు జూన్ 1 అని రాసేశాడు. మా కాలనీలో నా ఈడువాళ్ళు చాలామంది జూన్, జూలైల్లో పుట్టినవాళ్ళే! నవ్వుకునేవాళ్ళం. తర్వాత నేనే అయ్యవారినయ్యాను. నేను కూడా అట్లాంటి తేదీలు రాశాను.

అంతకన్నా పెద్ద తప్పు ఒకటి చేశాను. ఒక ఆడపిల్లను చేర్చుకుంటూ అడ్మిషన్ రిజిస్టరులో కులం గడిలో, వాళ్ళ నాయన పలికినట్టే 'యరకల' అని రాశాను. జాబితాలో ఉండేది 'ఎరుకల'. నా దస్తూరి బాగుంటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ మంచి దస్తూరితోనే ఆ పొరపాటు అందంగా టీసీలోకి ఎక్కింది. అక్కడి నుంచి హైస్కూలుకు పోయింది. పదో తరగతి అయినాక ఆ అమ్మాయి కుల ధ్రువీకరణకు పోతే ఒక కార్యాలయంలో రెండు అక్షరాలు పట్టుకుని ఆపారు. మీరు నిజంగా ఆ తెగవాళ్ళేనా, రుజువేంది అన్నారు. కుల ధ్రువపత్రాలకు 1993లో చట్టం వచ్చిందే దొంగ సర్టిఫికెట్లను ఆపడానికి. అది అవసరమైన చట్టమే, మనకు రావలసిన సీటు ఇంకొకరు ఎత్తుకుపోకుండా కాసేది. కానీ ఆ ఏడాది అది కాసింది ఎవరి నుంచి? నేను నాలుగుసార్లు పోయి, తప్పు నాది అని రాసిచ్చి, సరిచేయించేసరికి హాస్టలు సీటు పోయింది, ఏడాది పోయింది. ఆ అమ్మాయి తర్వాత చదువుకుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. నేనే ఆ పిల్ల ఎదురుపడితే ముందు చూపు తిప్పుకుంటాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కాగితం ఎప్పుడూ 'వాళ్ళది' అని మనం అనుకుంటాం. ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయ మిత్రుల చేతుల్లో కూడా ఒక రిజిస్టరు ఉంటుంది. మనం రాసిన ఒక అక్షరం ఒక పిల్ల బతుకులో ఏడాదిని మింగగలదు. ఆ రిజిస్టరును నేను ఇరవై ఏళ్ళు రాశాను కానీ చూడలేదు. పిల్లోడి సినిమాలో ఇంకు ప్యాడును అంత దగ్గరగా, అంతసేపు చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రెండు అక్షరాలే. వాడు అందం కోసమే తీశాడు. నాకు తగిలింది వేరే చోట. అందంగా ఉంది కాబట్టే చివరిదాకా చూశాను, చివరిదాకా చూశాను కాబట్టే తగిలింది. ఇదే విషయాన్ని ఒక ఉపన్యాసంలో చెప్పి ఉంటే, వాస్తవంగా చెబుతున్నాను, నేను తల ఊపి ఇంటికి పోయేవాణ్ణి.

గుమాస్తా కూడా వేలిని దగ్గరగానే చూస్తాడు. మిషను ఇంకా దగ్గరగా చూస్తుంది. కానీ వాటికి కావలసింది సరిపోయిందా లేదా అన్నది ఒక్కటే. సరిపోతే చూపు తీసేస్తాయి, సరిపోకపోయినా తీసేస్తాయి. పిల్లోడు మాత్రం సరిపోని వేలిని చూస్తూ ఉండిపోయాడు. ఎందుకు సరిపోలేదు? ఈతాకు చీల్చి చీల్చి, బుట్టలు అల్లి అల్లి యాభై ఏళ్ళు అరిగిన వేలు అది. పని తిన్న గీతలవి. మిషనుకు అది 'గుర్తింపు విఫలం'. వాడు మాత్రం అదే చోట వాళ్ళ అవ్వను గుర్తుపట్టాడు.

మన ఎరుకల ఆడవాళ్ళు ఎరుక చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకుని చూస్తారు కదా. వాళ్ళూ గీతలే చదువుతారు. హెన్రీ లెక్కలో సుడి, మెలిక అన్నవాటినే మన అవ్వలు చక్రం, శంఖు అంటారు. చేయి అడిగి పట్టుకుంటారు. నువ్వు ఎవరివి, నీ కష్టమేంది, ఎప్పుడు తీరుతుంది అని చెబుతారు. అందులో నిజమెంత అన్నది వేరే చర్చ, నేను సైన్సు పాఠం చెప్పేవాణ్ణి, సోదె నమ్మమని చెప్పను. నేను అనేది ఆ పద్ధతి గురించి. అక్కడ చెయ్యి ఇచ్చినవాళ్ళకు తిరిగి ఒక మాట దక్కుతుంది. పోలీసు కాగితం తీసుకుంది, తిరిగి ఏమీ ఇవ్వలేదు. అవ్వ అన్న మాటలో నన్ను గుచ్చింది అదే. ఆ కాయితం యాడుందో మాకు తెల్దు.

మా పిల్లోడు చెయ్యి అడిగి పట్టుకున్నాడా? లేదు. రేషను షాపు దగ్గర పక్కన నిలబడి తీశాడు. ప్రేమగానే తీశాడు. కానీ అడగలేదు.

*

పోర్చుగల్‌లో సుజానా ద సౌజా దియాస్ అనే దర్శకురాలు ఉంది. ఆమె తీసిన '48' చిన్న సినిమా కాదు, గంటన్నర పైన ఉంటుంది. ఆ దేశంలో 1926 నుంచి 1974 దాకా 48 ఏళ్ళు నియంతృత్వం నడిచింది, పేరు అందుకే. తెర మీద కనిపించేవి రాజకీయ ఖైదీలను పట్టుకున్నప్పుడు పోలీసులు తీసిన ఫొటోలు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. వెనక ఆ ఖైదీలే ముసలివాళ్ళయ్యాక మాట్లాడుతుంటారు. ఆ ఫొటోలో నేను ఎందుకు అట్లా చూస్తున్నానంటే, అంతకు ముందు నాకు ఎన్ని రాత్రులు నిద్ర లేదంటే, అని. ఫొటో పోలీసులది, గొంతు వాళ్ళది. ఆఫ్రికా వలసల ఖైదీల ఫొటోలు దొరకనప్పుడు తెర దాదాపు చీకటిగా ఉంచి గొంతు వినిపించింది. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు, మావాళ్ళ వేలిముద్రల కాగితాలు దొరికితే ఏం చెయ్యాలి, దొరకకపోతే ఏం చెయ్యాలి అన్న రెండింటికీ ఒక దారి కనిపించినట్టయింది.

మన దేశంలోనూ ఉంది. పురూలియాలో బుధన్ శబర్ అనే ఖేరియా శబర్ యువకుడు 1998లో కస్టడీలో చనిపోయాడు. మహాశ్వేతాదేవి కోర్టుదాకా తీసుకుపోయింది. ఆ కేసు మీద అహ్మదాబాదులోని ఛారా యువకులు నాటకం కట్టారు. వాళ్ళూ మనలాగే నేరస్త తెగ అనిపించుకున్నవాళ్ళు. ఆ నాటక బృందం పేరే బుధన్ థియేటర్. ఆ పిల్లల్లో ఒకడైన దక్షిణ్ బజరంగే తర్వాత సినిమాలు తీశాడు. కేసు ఫైలులో శవంగా మిగలవలసిన మనిషి వాళ్ళ నాటకంలో పేరుతో నిలబడ్డాడు.

ఈ రెండూ పిల్లోడికి చెప్పాను. వాడు బుర్రపెట్టి విని, "అంటే అవ్వ మాట్లాడాల్నా సార్?" అన్నాడు.

అవ్వ మాట్లాడుతుందో లేదో మనం అడగాల అన్నాను.

ఇద్దరం పోయాం. అవ్వ బుట్ట అల్లుతూ ఉంది. ఫోనులో సినిమా మొదటి నుంచి చూపించాం. స్టాంపుల చప్పుడు దగ్గర నవ్వింది. "ఆఫీసులో గుద్దుతారే, అచ్చం అట్లనే ఉంది" అంది. ఆమె నవ్వుతుందని నేను అనుకోలేదు. ఏడుసార్లు వేలు పెట్టే చోట గమ్మున చూసింది. ఆఖరి షాటు రాగానే ఫోను పక్కకు నెట్టేసింది.

తర్వాత చాలాసేపు బేరం జరిగింది. బేరం అనే అనాలి. ఆమె అడిగింది ఏమిటంటే, తన ముఖం రాకూడదు, పేరు రాకూడదు. వేలు మిషను మీద ఉన్నట్టు ఉండనీ, అది అందరికీ తెలిసిందే. కానీ బుట్ట అల్లేటప్పుడు కూడా చూపించాలి, "అది ఒకందుకే పనికిరాదు, ఇంక దేనికైనా వస్తాది అని తెలియాల." వాళ్ళ నాయన సంగతి తానే చెబుతుంది, మా ఇంటి మాటలో, కుర్రులో. తెలుగులో కింద రాసుకోండి అంది. ఆ ఆఖరి షాటు మాత్రం తీసెయ్యాలి. "అంత దగ్గరగా వాళ్ళే చూసినారు."

పిల్లోడు ఒప్పుకోలేదు. సినిమా అంతా ఆ షాటు కోసమే అవ్వా అన్నాడు. ఏడ్చినంత పని చేశాడు. నా వైపు చూశాడు. నిజం చెప్పాలంటే నేను వాడి పక్షమే. ఆ షాటు పోతే ఆ సినిమాకు ప్రాణం పోతుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. దాన్ని చూసినవాళ్ళు ఇంకెప్పుడూ రేషను మిషనును మామూలుగా చూడలేరు. మన తెగకు అది మేలు. ఒక ముసలామె ఇష్టం కోసం అంత మేలు వదులుకోవాలా? ఈ ప్రశ్న నాకు చిన్నది కాదు. కళ పేరుతోనైనా, తెగ మేలు పేరుతోనైనా, ఆమె వేలు ఆమె వద్దన్నాక మనం ఎత్తుకుపోతే, మేలు చేస్తామనే చెప్పి రిజిస్టర్లు రాసినవాళ్ళ పక్కన నిలబడినట్టే గదా. సెటిల్‌మెంట్లు కూడా మమ్మల్ని బాగుచెయ్యడానికే అన్నారు. అందుకే "అవ్వ చెప్పినట్టు చెయ్యి" అన్నాను. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆగస్టు 31 సాయంత్రం సున్నం కొట్టిన గోడ మీద సినిమా వేశాం. ఆఖర్న ఈతాకు చీలుస్తున్న చేతులు కొంచెం దూరం నుంచి కనిపిస్తాయి, అవ్వ గొంతు వినిపిస్తుంది. వాళ్ళ నాయన వేళ్ళకు అంటిన సిరా మూడు రోజులు పోలేదని, ఆ మూడు రోజులూ అతను కుడిచేత్తో అన్నం తినలేదని చెబుతుంది. ఈ సంగతి నాకు అంతకు ముందు తెలియదు. వాళ్ళింట్లో ఎవరికీ తెలియదట. సినిమా అయిపోయినాక ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు, హాజరు చెప్పుకోవడానికి పోయిన సంగతులు, చీటీల సంగతులు. రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. పిల్లోడు ఫోనులో అవన్నీ రికార్డు చేశాడు, ఈసారి ఒక్కొక్కరినీ అడిగి.

ఆ తీసేసిన షాటు వాడి ఫోనులోనే ఉంది. మొన్న బడి దగ్గరకు వచ్చి అడిగాడు, "సార్, అవ్వ పోయినాక పెట్టుకోవచ్చా?"

నాకేం చెప్పాలో తోచలేదు. ఆమె ఉన్నప్పుడే ఆమెనే అడగరా అన్నాను. అడిగాడట. ఏమందిరా అంటే నవ్వి, సైకిలు ఎక్కి పోయాడు.